కానోపస్ యుద్ధనౌక: 12 నాట్లా, 16 నాట్లా? సర్వీసు వివరాలు, కెప్టెన్ల జాబితా కావాలి

నీలిరేఖ:
బ్రిటిష్ పాతతరం యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ కానోపస్ మీద తెలుగులో ఒక వ్యాసం తయారు చేస్తున్నాను. డ్రెడ్‌నాట్‌కు (1906లో వచ్చిన కొత్తరకం యుద్ధనౌక) ముందు కాలపు ఓడల గురించి మన భాషలో సమాచారం దాదాపు లేదు. మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎమ్డెన్ గురించి మాత్రం అందరికీ తెలుసు. ఆ ఎమ్డెన్ 1914 ఆగస్టులో విడిపోయి వచ్చింది జర్మన్ అడ్మిరల్ ఫాన్ స్పే దళం నుంచే. మిగతా దళం పసిఫిక్ దాటి వెళ్లి చిలీ తీరాన కరొనెల్ దగ్గర బ్రిటిష్ అడ్మిరల్ క్రాడక్‌ను ముంచింది. అక్కడే కానోపస్ కథలోకి వస్తుంది.

నా సందేహాలు ఇవి. కానోపస్ వేగం ఒకచోట 18 నాట్లు (గంటకు సముద్రపు మైళ్లు), ఒకచోట 12, ఇంకోచోట 16 అని ఉంది. ఏది రాయాలి? కరొనెల్ నాడు అది క్రాడక్ పక్కన ఎందుకు లేదు? ఫాక్‌లాండ్‌లో బురదలో కూర్చున్న ఓడ కొండ అవతల ఉన్న శత్రువును ఎలా కొట్టింది? 1899 నుంచి చివరిదాకా కెప్టెన్లు ఎవరెవరు? నెట్‌లో దొరికిన ఒక జాబితాలో ఫ్రాన్సిస్ ఆస్టెన్ పేరు కూడా కనిపించింది. అది సరైనదేనా?

పాతఓడలపిచ్చి:
ముందు ఓడ పుట్టుక నుంచి తుక్కు దాకా వరసగా చెప్తాను, వేగం సంగతి ఇంజిన్ల వాళ్లకు వదిలేస్తాను.

పోర్ట్స్‌మత్ డాక్‌యార్డులో 1897 జనవరి 4న పని మొదలైంది, అదే ఏడాది అక్టోబరులో నీళ్లలోకి దిగింది, 1899 డిసెంబరులో సర్వీసులో చేరింది. సుమారు 13,000 టన్నులు. ముందొక టరెట్, వెనకొక టరెట్, ఒక్కోదానిలో రెండేసి 12 అంగుళాల ఫిరంగులు. పక్కల్లో పన్నెండు 6 అంగుళాలవి. నీటిమట్టం కింద 18 అంగుళాల టార్పెడో గొట్టాలు నాలుగు. దూర ప్రాచ్యంలో పని చేయాలనీ, సూయజ్ కాలువలోంచి పోగలగాలనీ ఈ తరగతి ఓడలను ముందటి మెజెస్టిక్ తరగతి కంటే తేలిగ్గా కట్టారు. పక్క కవచం మెజెస్టిక్‌లో 9 అంగుళాల హార్వే ఉక్కు, దీంట్లో 6 అంగుళాల క్రుప్ ఉక్కు. మందం తగ్గింది కదా అని బలం కూడా అంత తగ్గిపోయిందని రాయకండి. క్రుప్ ఉక్కు గట్టితనం వేరు. ఫొటోల్లో గుర్తుపట్టాలంటే పొగగొట్టాలు చూడండి. మెజెస్టిక్‌లో రెండూ పక్కపక్కన ఉంటాయి, కానోపస్‌లో ఒకదాని వెనక ఒకటి.

తమాషా ఏంటంటే చైనా స్టేషన్ (తూర్పు సముద్రాల్లోని బ్రిటిష్ దళం) కోసం కట్టిన తరగతికి పేరిచ్చిన ఓడ చైనాకు చేరనేలేదు. మొదట మధ్యధరాలో 1903 దాకా ఉంది, తరవాత బర్కెన్‌హెడ్‌లో మరమ్మతు. 1905లో తూర్పుకు బయలుదేరి కొలంబో దాకా వచ్చింది. అప్పటికి జపాన్‌తో ఒప్పందం బలపడి అక్కడ యుద్ధనౌకల అవసరం తీరింది, కొలంబో నుంచే వెనక్కి పిలిచారు. ఆపైన అట్లాంటిక్ దళం, చానెల్ దళం, హోమ్ ఫ్లీట్, 1908లో మళ్లీ మధ్యధరా. 1909 చివరికి తిరిగొచ్చాక తగ్గించిన సిబ్బందితో రిజర్వ్ బతుకే. 1913, 1914లలో పెంబ్రోక్ డాక్‌లో కట్టేసి ఉంచారు. ఈ చివరి రెండేళ్లను వ్యాసంలో ఒక్క ముక్కలో దాటెయ్యకండి, తరవాతి గొడవంతా అక్కడి నుంచే మొదలైంది.

1914 ఆగస్టులో రిజర్విస్టులతో (యుద్ధానికని మళ్లీ పిలిపించినవాళ్లు) నింపి కెప్టెన్ హీత్‌కోట్ గ్రాంట్ చేతికిచ్చారు. ముందు కేప్ వర్డీ వైపు, తరవాత దక్షిణ అమెరికాకు. కరొనెల్, ఫాక్‌లాండ్ అయ్యాక 1915 ఫిబ్రవరికి తుర్కీలోని డార్డనెల్స్ జలసంధి. మార్చి 2న స్విఫ్ట్‌షూర్, కార్న్‌వాలిస్‌తో కలిసి డార్డనస్ కోట మీద కాల్పులు. మార్చి 18 నాటి పెద్ద దాడిలో ముందు వరసలో ఉందని రాసేవాళ్లున్నారు, అది తప్పు. ఆ రోజు కానోపస్, కార్న్‌వాలిస్ రెంటినీ రాత్రి మైన్లు ఏరే పడవలకు కాపలాకని వెనక ఉంచారు. ఏప్రిల్ 25న గలిపోలీ ఒడ్డున సైన్యం అసలు దిగుడు దక్షిణాన జరుగుతుంటే, బులాయిర్ దగ్గర రాయల్ నేవల్ డివిజన్ రవాణా ఓడలతో ఉత్తుత్తి దిగుడు చూపించిన బృందంలో ఉంది. రాత్రిపూట బెర్నార్డ్ ఫ్రైబర్గ్ ఈదుకుంటూ వెళ్లి ఒడ్డున మంటలు వెలిగించింది అక్కడే.

మే 22–23 రాత్రి గాబా తెపె దగ్గర తన తోబుట్టువు (అదే తరగతి ఓడ) ఆల్బియన్ ఇసుకతిన్నె ఎక్కేసింది. తెల్లారగానే తుర్కుల గుండ్లు మొదలయ్యాయి. కానోపస్ దగ్గరికి వెళ్లి తాడు కట్టి వెనక్కి లాగింది. అటు ఆల్బియన్ ముందువైపు పెద్ద ఫిరంగులన్నీ ఒక్కసారే పేల్చి, అవి వెనక్కి తన్నిన ఊపుతో ఇసుక మీంచి జారింది. ఓడకు దాదాపు రెండు వందల దెబ్బలు తగిలినా చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపి పదిమంది లోపే. వచ్చిపడినవి ఎక్కువగా చిన్న గుండ్లు, కవచం వాటిని ఆపింది.

1916 ఏప్రిల్‌లో ఇంటికొచ్చింది. సిబ్బందిని జలాంతర్గామి వేట పడవలకు తీసుకున్నారు. చివర్లో నావికుల బస ఓడ. 1920 ఫిబ్రవరిలో అమ్మేసి డోవర్‌లో విరగ్గొట్టారు. ఆరుగురు తోబుట్టువుల్లో ఓషన్ 1915 మార్చి 18న, గోలియత్ మే 13న పోయాయి. మిగతా నాలుగూ యుద్ధం గట్టెక్కాయి.

ఆవిరిగది:
నీలిరేఖ గారూ, మూడు అంకెలూ నిజమే, ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. 18 అనేది కొత్తలో 13,500 గుర్రాల శక్తితో రావాలని డిజైన్‌లో రాసుకున్న వేగం. 16 చిల్లర 1914లో ఆ ఓడ నిజంగా లాగగలిగిన వేగం. 12 అనేది క్రాడక్‌కు అందిన వేగం. వ్యాసంలో మూడూ ఇవ్వండి, దేని సందర్భం దానికి పెట్టి.

కానోపస్ తరగతిలో ఇరవై బెల్విల్ బాయిలర్లు. బ్రిటిష్ యుద్ధనౌకల్లో నీటిగొట్టాల బాయిలర్లు పెట్టడం వీటితోనే మొదలు. పాత సిలిండర్ బాయిలర్‌లో నీళ్లు ఎక్కువ, మంట గొట్టాల్లో ఉంటుంది, మొండిది. బెల్విల్‌లో గొట్టాల్లో కొద్ది నీళ్లే ఉంటాయి, మంట బయట. ఆవిరి తొందరగా పుడుతుంది, బరువూ తగ్గుతుంది. కానీ బాయిలర్‌కు ఎక్కించే ఫీడ్ నీళ్లు శుభ్రంగా ఉండాలి. ఆవిరిని తిరిగి నీళ్లు చేసే కండెన్సర్‌లో ఒక్క గొట్టం కారినా సముద్రపు నీళ్లు ఫీడ్‌లో కలుస్తాయి. ఉప్పు గొట్టాల లోపల పేరుకుంటుంది, ఆ చోట లోహం వేడెక్కి ఉబ్బుతుంది, ఆఖరికి పగులుతుంది. ఈ గొడవల మీదే 1900లో ఒక బాయిలర్ కమిటీని వేశారు, వాళ్లు ఇకమీద బెల్విల్ వద్దని తేల్చారు. అప్పటికే కట్టిన ఓడలు మాత్రం వాటితోనే బతికాయి.

రెండోది ఇంజిన్. మూడు సిలిండర్ల ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఇంజిన్లు (ఒకే ఆవిరిని మూడు దశల్లో వాడేవి) రెండు. పిస్టన్ రాడ్ సిలిండర్‌లోంచి బయటికొచ్చే చోట గ్లాండ్ ఉంటుంది, అందులో ఆవిరి కారకుండా ప్యాకింగ్. ఓడ ఏళ్ల తరబడి కట్టేసి ఉంటే ప్యాకింగ్ ఎండి గట్టిపడుతుంది, రాడ్ మీద గీతలు పడతాయి. కదిలించగానే హైప్రెషర్ వైపు ఆవిరి బయటికి చిమ్ముతుంది, లోప్రెషర్ వైపు గాలి లోపలికి లాగుతుంది, వాక్యూమ్ పడిపోతుంది. ఆ స్థితిలో వేగం తగ్గించక తప్పదు. గ్లాండ్లు విప్పి మళ్లీ ప్యాక్ చెయ్యాలంటే ఇంజిన్ ఆపి చల్లార్చాలి. కరొనెల్ ముందు రోజుల్లో గ్రాంట్ ఇరవై నాలుగు గంటలు ఆగాలని అడిగింది ఇందుకే. కాబట్టి లోపం పూర్తిగా కల్పితం అనుకోకూడదు.

తేడా ఎక్కడొచ్చిందంటే, ఇంజినీర్ కమాండర్ విలియం డెన్బో 12 నాట్లకు మించి పోలేమని కెప్టెన్‌కు చెప్పాడు. గ్రాంట్ అదే క్రాడక్‌కు చెప్పాడు. అక్టోబర్ 18న క్రాడక్ అడ్మిరల్టీకి (లండన్‌లోని నౌకాదళ పాలక కార్యాలయం) పంపిన తంతిలో కూడా కానోపస్ వల్ల దళం వేగం 12 నాట్లు దాటదని ఉంది. ఫాక్‌లాండ్ దీవుల్లోని స్టాన్లీ నుంచి బొగ్గు ఓడలతో బయలుదేరాక కింది ఇంజినీరు కెప్టెన్ దగ్గరికి వచ్చి అసలు సంగతి చెప్పాడు: పెద్దాయన క్యాబిన్ వదిలి ఇంజిన్ గదికి రావడం లేదు, యంత్రాలు ఆయన చెప్పినంత పాడుగా లేవు. డెన్బో మానసికంగా దెబ్బతిన్నాడని తేలి తరవాత ఇంటికి పంపేశారు. గ్రాంట్ ఈ మాట క్రాడక్‌కు అందించలేదు. నాకు గ్రాంట్ మీద ఉన్న ఒకే ఫిర్యాదు ఇది. ఒక్క వైర్‌లెస్ సందేశం పని.

గురిగజం:
ఆవిరిగది గారి వివరణ బావుంది గానీ ఆ ఫిర్యాదుకు అంత బరువు ఇవ్వలేను. లెక్క వేసి చూద్దాం. నవంబర్ 1 సాయంత్రం కానోపస్ దాదాపు 250 మైళ్లు దక్షిణంగా ఉంది. 12 నాట్ల మీద 21 గంటలు, 16 మీద 15 గంటల పైచిలుకు. ఆ సాయంత్రం క్రాడక్ "ఇప్పుడే శత్రువు మీదికి వెళ్తున్నాను" అన్న అర్థంతో సందేశం పంపాక గంట తిరక్కుండానే కాల్పులు మొదలయ్యాయి. ఏ వేగమూ దాన్ని ఆ రాత్రికి అక్కడికి చేర్చలేదు. పైగా దాని పని బొగ్గు ఓడలకు కాపలా. ఆ ఓడలు సాధారణంగా 9–10 నాట్లవి. కాపలా ఓడ 16 పోగలిగినా వాటితోపాటే నడవాలి.

తేడా రావాలంటే నిర్ణయం ముందే మారాలి. క్రాడక్ కానోపస్‌ను పక్కన పెట్టుకునే ఉత్తరానికి వెళ్లాలి. అప్పుడు ఫాన్ స్పే దగ్గరికి రాకపోవచ్చు, 20 నాట్లకు పైగా పోగల క్రూయిజర్లు తప్పించుకునేవి. ఓడలు దక్కేవి, శత్రువు దొరికేవాడు కాదు. అడ్మిరల్టీ మాత్రం శత్రువును వెతికి పట్టమంది. అప్పటి నౌకాదళ మంత్రి చర్చిల్ కానోపస్‌ను క్రూయిజర్లకు ఆశ్రయమిచ్చే కోట అన్నాడు, తరవాత కూడా ఆ వాదన వదల్లేదు. కోట కదలదు, వెంటాడే దళానికి కోటతో పనేంటి?

ఇంకోటి, 12 అంగుళాలు అనగానే ఫాన్ స్పే పెద్ద క్రూయిజర్లు షార్న్‌హార్స్ట్, గ్నైసెనౌల 21 సెంటీమీటర్ల ఫిరంగుల కంటే దూరం కొడతాయని అనుకుంటారు. కానోపస్‌వి 35 క్యాలిబర్ (పొడవు నోటి వెడల్పుకు 35 రెట్లు) పొట్టి గొట్టాలు, పైకెత్తే కోణం పదమూడున్నర డిగ్రీలే. ఎంత లాగినా 13–14 వేల గజాలు. జర్మన్ టరెట్ ఫిరంగులు 16 కిలోమీటర్లు, అంటే 17 వేల గజాలకు పైగా పోతాయి. గుండు బరువులో మాత్రం పోలికే లేదు, కానోపస్‌ది 850 పౌండ్లు. తగిలితే పెద్ద దెబ్బే. తగిలించాల్సినవాళ్లు కొన్ని వారాల కిందట పిలిపించిన రిజర్విస్టులు, అవతల జర్మన్ నౌకాదళంలో గురికి పేరుమోసిన రెండు ఓడలు.

ఇక స్టాన్లీ రేవు. కరొనెల్ తరవాత కానోపస్, అక్కడ తప్పించుకున్న క్రూయిజర్ గ్లాస్గో కలిసి నవంబర్ 8న అక్కడికి చేరి, బొగ్గు నింపుకుని ఉత్తరానికి బయలుదేరాయి. దారిలో కానోపస్‌ను మాత్రం వెనక్కి వెళ్లి రేవు కాయమన్నారు, 12న తిరిగి వచ్చింది. గ్రాంట్ చేసిన ఏర్పాటు చూస్తే ఆయన సత్తా తెలుస్తుంది. లోపలి రేవులో బురద మీద ఓడను ఆనించాడు. రెండు వైపులా కట్టి, అడుగు గదుల్లోకి నీళ్లు వదిలి కదలకుండా కూర్చోబెట్టాడు. పై స్తంభాలు దించేసి రంగులు పూయించాడు. 12 పౌండర్ చిన్న ఫిరంగులను ఒడ్డుకెక్కించి బ్యాటరీలు పెట్టాడు, వాటితోపాటు డెబ్బై మంది మెరైన్లు. రేవు ముఖద్వారంలో నూనె పీపాలతో చేసిన మైన్లు, ఒడ్డు నుంచి కరెంటు తీగతో పేల్చేవి. సాపర్ హిల్ కొండ మీద చూసి చెప్పే మనిషి, అక్కడి నుంచి ఓడకు టెలిఫోన్ తీగ.

మీ మూడో ప్రశ్నకు జవాబు ఆ తీగే. ఓడ మీంచి శత్రువు కనబడడు, మధ్యలో నేల అడ్డం. కొండ మీద మనిషి దూరం, దిక్కు చెప్తాడు, గుండు ఎక్కడ పడిందో చూసి సవరణ చెప్తాడు. ఓడ కదలదు కాబట్టి సొంత వేగం, ఊపు అనే రెండు తలనొప్పులు లెక్కలోంచి పోతాయి. శత్రువు కదలిక ఒక్కటే మిగులుతుంది.

డిసెంబర్ 8 ఉదయం 9:20కి గ్నైసెనౌ, న్యూర్న్‌బెర్గ్ వైర్‌లెస్ స్టేషన్ వైపు వస్తుంటే కానోపస్ కాల్చింది. బ్రిటిష్ దళాధిపతి స్టర్డీ నివేదికలో దూరం 11,000 గజాలని ఉంది. మిగతా చోట్ల 13 వేల పైన అని కనిపిస్తుంది. వ్యాసంలో రెండూ రాసి, మొదటిది ఎవరి అంకో చెప్పండి. మొదటి గుండ్లు శత్రువును చేరకముందే పడ్డాయి. ఆ ఉదయం కాల్పుల సాధన ఉంటుందని తెలిసి, ముందు టరెట్ వాళ్లకంటే ముందుండాలని వెనక టరెట్ వాళ్లు రాత్రే సాధన గుండ్లు నింపి పెట్టుకున్నారు. అసలు శత్రువే వచ్చేసరికి మార్చే వ్యవధి లేదు. పేలుడు మందున్న గుండ్లు నీటిని తాకగానే పేలిపోయాయి. సాధన గుండ్లు పేలకుండా నీళ్ల మీద ఎగిరి ముందుకు పోయాయి, వాటిలో ఒకటి గ్నైసెనౌ పొగగొట్టం మొదట్లో తగిలింది. జర్మన్లు వెనుదిరిగారు. అప్పటికి స్టర్డీ ఓడలు ఇంకా బొగ్గు నింపుకుంటున్నాయి. ఇన్విన్సిబుల్, ఇన్‌ఫ్లెక్సిబుల్ ఆవిరి లేపుకుని కదలడానికి కావలసిన సమయం అలా దొరికింది.

ఆవిరిగది:
గురిగజం గారూ, ఆ రాత్రి విషయంలో మీ లెక్క ఒప్పుకుంటాను. కానీ క్రాడక్ నిర్ణయాలు తీసుకుంది అక్టోబర్ 18 నుంచి 29 మధ్య. "కానోపస్ నెమ్మది వల్ల శత్రువును వెతికి పట్టడం అసాధ్యం, అందుకే బొగ్గు ఓడలకు కాపలాగా పెట్టాను" అన్న తంతి ఆ రోజుల్లోదే. 12కూ 16కూ తేడా అప్పుడు తెలిసుంటే ఏం చేసేవాడో ఎవరూ చెప్పలేరు, కానీ తెలియాల్సిన మనిషి ఆయనే. 16 నాట్ల ఓడను వెనక పెట్టుకుని, గ్లాస్గోను ముందు పంపి, శత్రువు కనబడితే దాని వైపు వెనక్కి లాక్కురావచ్చు. 12 నాట్లతో ఆ ఆట కుదరదు.

గురిగజం:
కరొనెల్‌లో క్రాడక్ క్రూయిజర్లు గుడ్ హోప్, మన్మత్ రెంటినీ పోగొట్టుకునే బదులు అది మేలే. సుమారు 1,600 మంది పోయారు, ఆ రెండు ఓడల నుంచి ఒక్కరూ బతకలేదు. అయినా క్రాడక్ స్వభావం చూస్తే వెనక్కి లాక్కొచ్చే మనిషిలా అనిపించడు. ఇక్కడ మనకు రాజీ కుదరదు.

నీలిరేఖ:
ఇద్దరికీ కృతజ్ఞతలండి. వేగం భాగంలో రెండు వాదనలూ పెడతాను. కెప్టెన్ల జాబితా మిగిలింది.

దస్తావేజు:
ముందు ఆస్టెన్ సంగతి. ఫ్రాన్సిస్ ఆస్టెన్ నిజంగానే కానోపస్ కెప్టెన్, కాకపోతే వేరే కానోపస్. 1798 నైలు యుద్ధంలో ఫ్రెంచివాళ్ల ఫ్రాంక్లిన్‌ను పట్టుకుని ఆ పేరు పెట్టారు. జేన్ ఆస్టెన్ అన్నగారు 1805లో ఆ తెరచాపల ఓడ మీద ఉన్నాడు, ట్రఫాల్గర్ తప్పిపోయింది, 1806 ఫిబ్రవరి శాన్ డొమింగో యుద్ధంలో ఉన్నాడు. మీకు దొరికిన జాబితా పేరు చూసి కలిపేసినది. అందులో 1899కి ముందు తేదీ ఉన్న ప్రతి పేరూ కొట్టెయ్యండి.

మన కానోపస్‌కు యుద్ధకాలం తేలిక. 1914 ఆగస్టు నుంచి డార్డనెల్స్ అయ్యేదాకా హీత్‌కోట్ గ్రాంట్ ఒక్కడే. అదే కాలానికి పక్కన పెట్టుకోవడానికి: గ్లాస్గోలో జాన్ లూస్, గుడ్ హోప్‌లో ఫిలిప్ ఫ్రాంక్లిన్, మన్మత్‌లో ఫ్రాంక్ బ్రాండ్ట్. తోబుట్టువుల్లో ఆల్బియన్‌కు ఆల్జెర్నన్ హెనేజ్, ఓషన్‌కు హేస్-శాడ్లర్, ఓడతోపాటే పోయిన గోలియత్ కెప్టెన్ థామస్ షెల్ఫర్డ్. క్రాడక్, స్టర్డీ దళాధిపతులు. వాళ్లను ఓడ కెప్టెన్ల గడిలో పెట్టకండి, ఈ తప్పు చాలా చోట్ల ఉంది.

1899–1914 భాగానికి తయారు జాబితాలు నమ్మొద్దు, ఇలా కట్టుకోండి. నేవీ లిస్ట్ (నౌకాదళ అధికారుల ముద్రిత జాబితా) పాత సంచికలు స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం నెట్‌లో పెట్టింది. ఓడల విభాగంలో కానోపస్ పేజీ తీస్తే కెప్టెన్ పేరు, పక్కన నియామకం తేదీ ఉంటాయి. ప్రతి సంచికా అక్కర్లేదు, ఏడాదికి రెండు తీయండి. పేరు మారిన చోట మాత్రం మధ్య నెలలు చూడండి. అక్కడ కనిపించేది నియామకం తేదీ, ఓడ ఎక్కిన తేదీ కాదు. రెంటికీ మధ్య వారాలు ఉండొచ్చు, ముఖ్యంగా ఓడ మధ్యధరాలో ఉన్నప్పుడు. ఎక్కిన తేదీ కావాలంటే లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఓడ లాగ్ పుస్తకాలు చూడాలి, ఏడీఎం 53 వరస. అధికారి పేరు తెలిశాక ఏడీఎం 196లో ఆయన సర్వీసు రికార్డు తీసి రెండు తేదీలూ పోల్చండి.

తికమక పెట్టేవి రెండున్నాయి. అదే పేజీలో "కమాండర్" అని కనిపించేది ఓడ అధిపతి కాదు, ఆయన రెండో స్థానం అధికారి. ఇంజినీర్ కమాండర్ మళ్లీ వేరు. రెండోది రిజర్వ్ కాలం. తక్కువ సిబ్బందితో కట్టేసిన ఓడకు పూర్తి కెప్టెన్ లేకుండా కింది హోదా అధికారి బాధ్యత చూడటం ఉండేది. 1909–1914 మధ్య గడిలో ఖాళీ వస్తే పక్క ఏడాది పేరును సాగదీసి నింపకండి, ఆ నెలకు లిస్ట్‌లో ఎవరి పేరు మొదట ఉందో హోదాతో సహా అదే రాయండి.